చుట్టడం తెలిసిన చెయ్యి

ఎలక్ట్రిక్ గిటారులో బ్రిడ్జి దగ్గర స్ట్రింగ్ ఊగేది అంతంతమాత్రం. అందుకే అక్కడ ఆ ఊపును విద్యుత్ సంకేతంగా మార్చే పికప్‌కు గొంతు కాస్త పెద్దది కావాలి. 1972లో న్యూయార్క్‌వాసి లారీ డిమార్జియో తయారుచేసిన సూపర్ డిస్టార్షన్ పికప్ ఆ లోటు తీర్చింది. పాతది పీకేసి కొత్త పికప్ బిగించుకునే అలవాటుకు ఊపు తెచ్చిందీ అదే.

ఇలాంటి పికప్ తయారీలో, వెంట్రుక మందం కూడా లేని రాగి తీగను వేల చుట్లు చుట్టి, అడుగున సిరామిక్ అయస్కాంతం పెట్టడం పైకి కనిపించే పని. బిగువు ఎక్కువైతే తీగ పుటుక్కున తెగుతుంది. చుట్లు పెరిగేకొద్దీ శబ్దం బలుస్తుంది, పైస్థాయి మెరుపు తగ్గుతుంది. ఎక్కడ ఆపాలో తెలియడమే పనితనం.

కొనేవాళ్లు చుట్టిన తీగ నిరోధాన్ని చెప్పే ఓమ్‌ల అంకె చూసి మురిసిపోకుండా, గిటారు వాల్యూమ్ తగ్గించి కూడా వినాలి. అప్పుడూ ఒక్కో స్వరం విడివిడిగా పలికిందంటే, చుట్టినవారికి శభాష్ అనాల్సిందే.