రెండో గట్టు

కాలవకి రెండు గట్లుంటాయి. ఒకదాని మీద తారు పడుతుంది. ఆటోలు, ట్రాక్టర్లు, స్కూలు బస్సులు దాని మీదే తిరుగుతాయి. కోతల రోజుల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు, మిగిలిన సగంలో అందరూ హారన్లు కొట్టుకుంటారు. రెండో గట్టు మట్టిగట్టుగానే ఉండిపోతుంది. అటు పాలకేను తెచ్చే మనిషో, గేదెల్ని తోలుకెళ్లే పిల్లాడో, భుజాన పార వేసుకుని నీళ్లు కట్టుకోవడానికి పోయే రైతో తప్ప ఎవరూ ఎదురుపడరు. ఆరేళ్లుగా నేను సైకిలు తొక్కుతున్నది ఆ రెండో గట్టు మీద.

మాది ఎలమంచిలి. శారద, వరాహ మా పక్కనుంచే సముద్రానికి పోతాయి. చుట్టూ కొండలు. ముప్పై ఏళ్లు రోజూ రైలెక్కి దువ్వాడలో దిగి ఉక్కు కర్మాగారానికి వెళ్లొచ్చాను. అక్కడ మేం వాడిన నీళ్లు ఏలేరు జలాశయం నుంచి 153 కిలోమీటర్ల కాలవలో మా జిల్లా మీదుగా నడిచొచ్చేవి. అంత దూరం నుంచి వచ్చిన నీళ్లతో అన్నేళ్లు బతికి కూడా, కాలవంటే ఏమిటో నాకు రిటైరయ్యాకే తెలిసింది.

రిటైరైన ఏడాది, పొద్దున్నే సైకిలు తీసుకుని హైవే అంచున వెళ్తుంటే వెనక నుంచి ఒక లారీ హ్యాండిలుకి రాసుకుంటూ పోయింది. మోచెయ్యి విరిగింది. కట్టు విప్పాక మా ఆవిడ ఒక్కటే మాట అంది: "తొక్కండి, వద్దనను. కానీ లారీలు లేని చోట తొక్కండి." మా వైపు అలాంటి చోటు వెతికితే ఊరి నుంచి నాలుగు కిలోమీటర్లు కూడా దాటదు. ఆ నెలలోనే గోదావరి డెల్టాలో, మార్టేరులో ఉన్న మా పిన్నిని చూడ్డానికి వెళ్లాను. సాయంత్రం వాళ్ల అబ్బాయి పాత సైకిలు అడిగి తీసుకుని కాలవ వైపు వెళితే, చీకటి పడేదాకా వెనక్కి రాబుద్ధి కాలేదు. "ఏరా, దారి తప్పావేమో అనుకున్నాను" అంది పిన్ని. తప్పలేదు పిన్నీ, దొరికింది అన్నాను. ఆ సైకిలు ఇప్పటికీ వాళ్ల వసారాలోనే నా కోసం ఉంటుంది. నెలకి ఒకసారి ఎలమంచిలిలో రైలెక్కుతాను, నిడదవోలులో దిగుతాను, తణుకు మీదుగా మార్టేరు చేరతాను.

అక్కడ "మాది ఎలమంచిలి" అంటే ఎవరూ అనకాపల్లి వైపు అనుకోరు. పాలకొల్లు పక్కన వాళ్లకో యలమంచిలి ఉంది. మా ఊళ్లో కొండ నీడ పడుతుంది, ఆ ఊరి చుట్టుపక్కల నేల మీద కొబ్బరిచెట్టు నీడ కన్నా పెద్ద నీడ ఉండదు. మార్టేరు నుంచి నరసాపురం కాలవ వెంట కవిటం, పాలకొల్లు దాటి, ఆ రెండో యలమంచిలి పొలాల్లోకి వెళ్లి రావడం నాకు అలవాటైన దారి. పాలకొల్లు ఇంకా చాలా దూరం ఉండగానే క్షీరారామం గోపురం కనిపిస్తుంది. తొమ్మిది అంతస్తులు, 120 అడుగులు. ఎంతసేపు తొక్కినా అది అక్కడే ఉన్నట్టుంటుంది. కాలవ ఒక వంపు తిరిగితే కుడి చేతికి వస్తుంది, మరో వంపులో ఎడమకి జరుగుతుంది. పల్లపు నేల మీద దారి తెలుసుకోవడానికి అంతకన్నా ఏమీ అక్కర్లేదు.

ఈ పల్లం ఒకప్పుడు ఎండిన పల్లం. 1832–33 నందన కరువు తలుచుకుని పెద్దవాళ్లు వణికిపోయేవారట. పక్కన గోదావరి నిండుగా పోతుండగా మనుషులు తిండిలేక చచ్చిపోయారు. ఆర్థర్ కాటన్ 1844లో ఆనకట్ట కట్టాలని నివేదిక ఇచ్చాడు. 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలైంది, 1852కి ఆనకట్ట నిలబడింది. ధవళేశ్వరం నుంచి తూర్పు డెల్టాకి, బొబ్బర్లంక నుంచి మధ్య డెల్టాకి, విజ్జేశ్వరం నుంచి పశ్చిమ డెల్టాకి కాలవలు బయల్దేరాయి. గన్నవరం దగ్గరైతే కాలవ ఏకంగా వైనతేయ పాయ మీద నుంచి, 49 ఖానాల వంతెనెక్కి అవతలి లంకకి దాటింది. ఇప్పుడు దాని పక్కన కట్టిన కొత్త అక్విడక్టుకి, ఆ ఊళ్లో ఆకలన్నవాళ్లకల్లా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. కాటన్ విగ్రహాలకి మే 15న ఊరూరా దండలు పడతాయి. నేను ఆగి దణ్ణం పెట్టుకునే వాళ్లలో ఒకణ్ణి.

అయితే కాటన్ గురించి చెప్పేటప్పుడు మనం వరి దగ్గరే ఆగిపోతాం. ఆయన కాలవల్ని పొలాల కోసం ఎంత తవ్వించాడో పడవల కోసమూ అంత తవ్వించాడు. రైళ్ల మీద పెట్టే డబ్బు కాలవల మీద పెట్టండని జీవితమంతా వాదించాడు. కాకినాడ కాలవ 50 కిలోమీటర్లు, రాజమండ్రి నుంచి బెజవాడకి ఏలూరు కాలవ 139, అక్కణ్ణుంచి పెదగంజాం దాకా కొమ్మమూరు కాలవ 113, ఆపైన బకింగ్‌హాం కాలవ. కాకినాడలో పడవెక్కిన మనిషి నేల మీద కాలు పెట్టకుండా మద్రాసు చేరగలిగిన రోజులవి. బియ్యం, ఉప్పు, కొబ్బరి, పెళ్లివారు, అందరూ నీళ్ల మీదే. గాలి అనుకూలిస్తే తెరచాప, లేకపోతే గెడ, అదీ పనిచెయ్యకపోతే పడవకి తాడు కట్టి, ఆ తాడు భుజాన వేసుకుని మనుషులు గట్టు మీద ముందుకు వంగి నడిచేవారు.

నా దృష్టిలో ఈ కథలో అసలు మనుషులు వాళ్లే. కాలవ గట్టు నీళ్లని ఆపడానికి కట్టింది నిజమే, కానీ పడవ లాగే మనిషి కాలికీ అది దారి. అందుకే అక్కడ ఎత్తుపల్లాలు లేవు. నీళ్లు తమంత తాము సముద్రం వైపు జారడానికి ఎంత వాలు కావాలో అంతే ఇచ్చారు. అది కంటికి ఆనదు, మోకాలికి అసలే ఆనదు. కొండల్లో పుట్టిన నా కాళ్లకి మొదట్లో అది నమ్మబుద్ధి కాలేదు. గంటసేపు తొక్కినా ఆయాసం రాకపోతే ఎక్కడో మోసం జరుగుతోందనిపించేది.

ఆయాసం గాలి దగ్గర వస్తుంది. డెల్టాలో గాలే కొండ. ఎండాకాలం ముదిరాక పడమటి గాలి లేస్తే, ఎదురు తొక్కేటప్పుడు చెరువులో నడుస్తున్నట్టే ఉంటుంది. అందుకని పొద్దున గాలికి ఎదురు వెళ్లి, అలిసిపోయాక గాలి వాలున తిరిగి రావాలి. ఇది నేను రెండుసార్లు తిరగేసి చేసి నేర్చుకున్నాను. టైర్లలో గాలి మరీ గట్టిగా కొట్టించకూడదు, గట్టు మీద చక్రం ఎగురుతుంది. తుమ్మముల్లు ఎప్పుడైనా గుచ్చుకుంటుంది, కాబట్టి ట్యూబు, పంపు వెంట ఉండాలి. అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది వాన వెలిసిన మొదటి గంటలో. అక్కడి ఒండ్రు తడిస్తే సైకిలుకి పట్టుకుంటుంది. మొదట టైరు మీద పొరలా అంటుకుంటుంది, తర్వాత బ్రేకు కట్టల దగ్గర ముద్ద కడుతుంది, అక్కణ్ణుంచి మడ్‌గార్డు లోపలికి ఎక్కి, గడ్డిపరకలతో కలిసి అట్ట కట్టేస్తుంది. చక్రం తిరగదు. తోసినా కదలదు. దిగి, కొబ్బరి మట్ట చివర విరిచి, ఆ సందులోంచి ముద్దముద్దగా గీకి తీయాలి. మట్టి చల్లగా, మెత్తగా, జిగురుగా చేతికి వస్తుంది. పదేళ్ల పిల్లలు దాంతో ఎడ్లబొమ్మలు చేస్తారు. ఆ మట్టిని అంత దగ్గరగా చూశాక వరి ఎందుకు అలా పండుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంకో పద్ధతి కూడా ఉంది, అది సైకిలుకి సంబంధించింది కాదు. ప్రతి ఊరికీ రేవు ఉంటుంది. ఆడవాళ్లు బట్టలుతుకుతుంటారు, స్నానాలు చేస్తుంటారు. రేవు ఇంకా దూరంగా ఉండగానే బెల్లు కొట్టాలి, తల పొలాల వైపు తిప్పుకోవాలి, మెట్ల దగ్గర జనం ఉంటే దిగి నడిచి దాటాలి. గట్టు వాళ్ల పెరడు. మనం పెరట్లోంచి వెళ్తున్నాం. నగరాల నుంచి గుంపులుగా వచ్చి, నెత్తిన కెమెరాలు పెట్టుకుని, రేవుల మీదుగా దూసుకుపోయే కుర్రాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది. వాళ్లని ఆపి ఈ మాట చెప్పాను కూడా. విన్నవాళ్లు ఉన్నారు.

కవిటం లాకుల దగ్గర ఎప్పుడూ ఆగుతాను. లాకంటే రెండు జతల తలుపుల మధ్య రాతి తొట్టి. పడవ కింది నుంచి లోపలికి వస్తే వెనక తలుపులు మూసి, పై నుంచి నీళ్లు వదిలేవారు. తొట్టి నిండేకొద్దీ పడవ లేచి పై కాలవ మట్టానికి వచ్చేది, అప్పుడు ముందు తలుపులు తెరిచేవారు. మనుషులు, బస్తాలు, దూడలు, అన్నీ కదలకుండా కూర్చునే మెట్టెక్కేసేవి. ఇప్పుడు పడవలు లేవు. 1900 నాటికే గోదావరి మీద రైలు వంతెన వచ్చింది, తర్వాత బస్సులు, లారీలు. ఈ కాలవల దారిని 2008లో నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు గానీ నేను తొక్కిన ఈ ఆరేళ్లలో సరుకు పడవ ఒక్కటీ ఎదురుకాలేదు. గుర్రపుడెక్క మాత్రం ఎదురవుతుంది, గుట్టలు గుట్టలుగా.

లాకుల దగ్గర ఒక లస్కరుగారితో నాకు స్నేహం. గేటు చక్రం తిప్పుతూ నీళ్ల మట్టం చూడకుండానే చప్పుడుతో చెప్పేస్తారు. ఒకసారి అడిగాను, ఈ మట్టిగట్టు మీద మీకు రోజుకి ఎన్ని కిలోమీటర్ల పని అని. "లెక్కేంటండీ, నీళ్లు ఎంత దూరం పోతే అంతండి" అన్నారు. ఆయన తాతగారు పడవ లాగారట. ఈయన సైకిలు మీద గండ్లు చూసుకుంటూ తిరుగుతారు. ఇద్దరిదీ ఒకే గట్టు.

ఫ్రాన్సులో 1681లో పూర్తయిన కెనాల్ దు మిది గట్ల మీద ఇప్పుడు దేశదేశాల వాళ్లు సైకిళ్లు తొక్కుతారని, ఇంగ్లండులో గుర్రాలు పడవలు లాగిన దారుల్ని నడకకి, సైకిళ్లకి కాపాడుకుంటున్నారని చదివినప్పుడు నాకు అసూయ కలగలేదు. మనకీ ఉంది కదా అనిపించింది. మన నగరాల్లో సైకిళ్లకి రంగు వేసిన దారులు కొత్తగా గీస్తున్నారు, వాటి మీద వారం తిరక్కుండా కార్లు నిలబెడుతున్నారు. ఇక్కడ నూట డెబ్భై ఏళ్ల నాడే వేసిన దారి ఉంది. దానికి సిమెంటు వద్దు, దీపాలు వద్దు, ప్రారంభోత్సవం వద్దు. గండి పడ్డచోట గ్రావెల్ పోయాలి. గట్టుని కోసి ఇల్లు ముందుకి జరుపుకునేవాళ్లని, చెత్త ట్రాక్టరు తెచ్చి కాలవలో ఒంపేవాళ్లని ఆపాలి. చెరువు మట్టి లారీలు రెండో గట్టు ఎక్కకుండా మొదట్లో రెండు రాళ్లు పాతాలి, మధ్యలో గేదె పట్టేంత ఖాళీ వదిలి. సైకిలు దానిలోంచే వెళ్లిపోతుంది. ఈ గట్టు మీద కూడా తారు వేయమని అడిగే ఊళ్లున్నాయి. రోడ్డు లేని బాధ నాకు తెలుసు, కాదనను. కానీ ఒక గట్టు మీద రోడ్డు ఉన్నచోట రెండోది కూడా బళ్లకే ఇచ్చేస్తే, బడికి సైకిలు మీద పోయే ఆడపిల్ల ఎటు తొక్కాలి?

దాళవా కోతలయ్యాక కాలవలు కట్టేస్తారు. మరమ్మతులు చేస్తారు, అడుగు బయటపడుతుంది. పగిలిన కుండలు, చెప్పులు, పిల్లల బంతులు. ఆ రెండు నెలలూ గట్టు మీద తొక్కడం ఖాళీ ఇంట్లో తిరిగినట్టుంటుంది. పోయినేడు జూన్‌లో నీళ్లు వదిలారని లస్కరుగారు ఫోను చేస్తే రాత్రి రైలుకే బయల్దేరాను. పొద్దున్న ఒక పిల్లకాలవ గట్టు మీద ఉండగా నీళ్ల కొస వచ్చింది. చప్పుడు ముందు వచ్చింది, ఎండుటాకులు నలిగినట్టు. వెనకే జానెడు ఎత్తున గోధుమరంగు నురగ, దాని ముందు ఎండుటాకులు, కొబ్బరి పీచు, పుల్లలు, వాటి మీదెక్కి తప్పించుకుంటున్న చీమలు. బీటల్లోకి నీళ్లు దిగుతుంటే బుడబుడమంటోంది. గుంట వచ్చినచోట కొస ఆగేది, నిండేదాకా అక్కడే ఉండి, మళ్లీ కదిలేది. నలుగురైదుగురు పిల్లలు, ఒక ముసలాయన దానితోపాటే నడుస్తున్నారు. సైకిలు ఎంత నెమ్మదిగా తొక్కినా నేను నీళ్లని దాటిపోతున్నాను, దాటి ఆగాల్సి వస్తోంది. చివరికి దిగి, హ్యాండిలు పట్టుకుని, వాళ్ల పక్కన నడవడం మొదలుపెట్టాను.

"ఎక్కడిదాకా అండి?" అన్నాడు ముసలాయన.

"నీళ్లు ఎందాకా పోతే అందాకా అండి" అన్నాను.

"ఆయ్, మా తూము దాకా రండి మరి" అన్నాడు.