ఆరంగుళాల తెర మీద ఒత్తులు

ఏ ఈ-రీడర్ కొనాలో చెప్పే సమీక్షలు ఇంగ్లీషులో కుప్పలుతెప్పలుగా ఉన్నాయి. బ్యాటరీ ఎన్ని వారాలొస్తుంది, స్నానాల తొట్టిలో పడితే బతుకుతుందా, రాత్రిపూట లైటు పసుపురంగులోకి తిరుగుతుందా, అన్నీ రాస్తారు. ఒక్క ప్రశ్న మాత్రం ఎవరూ వేయరు, వాళ్ళకి ఆ అవసరం లేదు గనక. స్వాతంత్ర్యం అనే మాట అందులో ఎలా కనబడుతుంది? త కింద రా, యా రెండూ తమ తమ చోట్లలో కుదురుగా కూర్చుంటాయా, లేక ఒకటి పక్కకి జారిపోయి ఇంకొకటి కింది వాక్యం నెత్తినెక్కుతుందా? తెలుగు చదివేవాడు ఈ-రీడర్ కొనేముందు చూసుకోవాల్సిన మొదటి సంగతి ఇదేనని నా అభిప్రాయం. బ్యాటరీ సంగతి తర్వాత.

ఈ తెరల గొప్పతనం మీద నాకు పేచీ లేదు. ఈ-ఇంక్ అనేది మొబైల్ తెర లాగా మన కళ్ళలోకి లైటు కొట్టే వస్తువు కాదు. వెంట్రుక మందం ఉండే గుళికలు, వాటి లోపల నల్లవీ తెల్లవీ రేణువులు, వాటికి వ్యతిరేకమైన విద్యుదావేశాలు. కరెంటు ఇటు ఇస్తే నల్లవి పైకొస్తాయి, అటు ఇస్తే తెల్లవి. ఒకసారి పైకొచ్చాక అలాగే నిలబడతాయి. అందుకే పేజీ తిప్పినప్పుడే బ్యాటరీ ఖర్చు, చదువుతూ కూర్చుంటే దాదాపు ఏమీ లేదు. ఎండలో కూడా అచ్చు కాగితంలాగే ఉంటుంది. ఇంతకన్నా చదువరికి అనుకూలమైన తెర నేను చూడలేదు.

పేచీ అంతా ఆ తెర కొలతతోనే. 2007 నవంబరులో మొదటి కిండిల్ 399 డాలర్లకి వచ్చినప్పుడు దాని తెర ఆరంగుళాలు. చాలా ఏళ్ళ పాటు అందరూ అదే కొలత పట్టుకుని వేలాడారు. అది జేబు సైజు ఇంగ్లీషు నవల పేజీకి దగ్గరి కొలత. ఇంగ్లీషు మాటలు పొట్టివి. వరసకి ఎనిమిదో పదో పడతాయి, పట్టకపోతే హైఫన్ పెట్టి విరుస్తారు. మన మాటలు అలా కాదు. "మాట్లాడుకోకపోయినప్పటికీ" అన్న ఒక్క మాట సగం వరస మింగేస్తుంది. దాని పక్కన ఇంకో పొడుగు మాట పట్టకపోతే అది కిందికి దిగుతుంది. రెండు అంచులూ సమంగా ఉండాలని సాఫ్ట్‌వేర్ పట్టుబడుతుంది గనక మిగిలిన రెండు మూడు మాటల మధ్య గోతులు తవ్వుతుంది. పేజీ అంతా పళ్ళూడిన నోరులా కనబడుతుంది. పాత తెలుగు పుస్తకాల్లో కంపోజిటర్లు మాటని అక్షరం దగ్గర విరిచి కింది వరసలో కొనసాగించేవాళ్ళు, మనం తడబడకుండానే చదివేవాళ్ళం. ఈ విద్య యంత్రానికి నేర్పడం కష్టమేమీ కాదు. తెలుగు మాటలు ఎక్కడ విరవాలో చెప్పే నియమాలు టెక్ లోకంలో ఎప్పటినుంచో ఉన్నాయి. రీడర్లు తయారుచేసేవాళ్ళు వాటిని లోపల పెట్టాలి, అంతే.

ఇంక వరసల మధ్య జాగా. ఇంగ్లీషు అక్షరం కిందికి దిగితే ఒక తోక దిగుతుంది. మనకి ఒత్తు కింద ఒత్తు. పైన గుడి, ఏత్వం. ఇంగ్లీషుకి సరిపోయే జాగానే తెలుగుకీ ఇచ్చి సరిపెట్టుకోమంటే, పై వరస ఒత్తులు కింది వరస గుళ్ళని గుద్దుకుంటాయి. నేను కొన్నాళ్ళు వాడిన ఒక రీడర్లో (పేరు అనవసరం) ఈ తొక్కిసలాట తప్పించడానికి అక్షరం పెంచితే పేజీకి పన్నెండు వరసలే మిగిలేవి. కథ చదువుతున్నానో ఫ్లాష్‌కార్డులు తిప్పుతున్నానో అర్థమయ్యేది కాదు.

మన లిపి అంటే యంత్రాలకి ఎంత తెలియదో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. జ్ఞ, దాని వెనక కంటికి కనబడని ఒక విడదీసే గుర్తు, ఆ వెనక దీర్ఘం. ఈ వరసలో ఒక అక్షరం మెసేజ్‌గా వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిపోయాయి. యాపిల్ హడావుడిగా 11.2.6 వెర్షన్ విడుదల చేసి సరిచేసింది. అప్పట్లో దాని మీద జోకులు బాగా పేలాయి, జ్ఞానం భరించలేక ఫోన్లు చచ్చిపోతున్నాయని. జోకు పక్కన పెడితే, యూనికోడ్ మొదటి వెర్షన్ 1991లో వచ్చిన నాటినుంచీ అందులో తెలుగు ఉంది. ఇరవై ఏడేళ్ళ తర్వాత కూడా లోకంలోకెల్లా డబ్బున్న కంపెనీల్లో ఒకటి మన అక్షరాన్ని పూర్తిగా పరీక్షించి చూసుకోలేదన్న మాట.

అమ్మకాల వైపు చూస్తే ఇంకాస్త చిన్నబుచ్చుకోవాలి. 2016 డిసెంబరులో అమెజాన్ మన దేశంలో భారతీయ భాషల కిండిల్ పుస్తకాలు మొదలుపెట్టింది. హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. అయిదు భాషలు. తెలుగు లేదు. ఈ మాట చెప్పగానే మనవాళ్ళు అమెజాన్‌ని తిట్టడం మొదలుపెడతారు. తిట్టచ్చు గానీ, సగం తిట్లు ఇంట్లోవాళ్ళకి దాచుకోవాలి. తెలుగు ప్రచురణ రంగం దశాబ్దాలుగా నడిచింది పేజ్‌మేకర్ మీద, అను ఫాంట్ల మీద. ఆ ఫైలులో ఉన్నది నిజంగా తెలుగు కాదు. రోమన్ అక్షరాల గదుల్లో తెలుగు ముక్కల బొమ్మలు కూర్చోబెట్టారు. ఆ ఫాంటు లేని చోట తెరిస్తే అర్థం పర్థం లేని గీతలు వస్తాయి. యూనికోడ్‌లోకి మార్చే పనిముట్లు ఉన్నాయి, కానీ మార్చాక మళ్ళీ ఒకరు కూర్చుని మొదటినుంచి చివరిదాకా ప్రూఫు చూడాలి. ఆ ప్రూఫు రీడరుకి డబ్బులెవరిస్తారు? అచ్చయిన అయిదువందల కాపీలే అమ్ముడుపోక గోడౌన్లో ఉన్న ప్రచురణకర్త ఇస్తాడా? కాబట్టి పోయిన ముప్పై ఏళ్ళ తెలుగు సాహిత్యం కంప్యూటర్లోనే టైపయినా, కంప్యూటర్‌కి చదవరాని స్థితిలో ఉండిపోయింది. కినిగె లాంటి చోట్లు తెలుగు ఈ-పుస్తకాన్ని డబ్బిచ్చి కొనుక్కునే అలవాటు కొంత చేశాయి గానీ, ఈ చిక్కు ఒక దుకాణం విప్పేది కాదు.

అంతకు ముందుతరం పుస్తకాలు విచిత్రంగా మన చేతికి దగ్గరగా ఉన్నాయి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన వేల తెలుగు పుస్తకాలు ఇప్పుడు ఆర్కైవ్.ఆర్గ్‌లో దొరుకుతాయి. కాపీరైటు చట్టం ప్రకారం మన దేశంలో రచయిత చనిపోయిన ఏడాది గడిచాక అరవై ఏళ్ళు. 1961లో పోయిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 2022 నుంచి అందరి సొత్తు. 1962లో పోయిన గోపీచంద్ 2023 నుంచి. చలం కోసం 2040 దాకా, కొడవటిగంటి కోసం 2041 దాకా ఆగాలి. అంటే ఈ-రీడర్లో చట్టబద్ధంగా, ఉచితంగా చదవగలిగే తెలుగు వచనం తక్కువేమీ కాదు. కాకపోతే అదంతా బొమ్మల రూపంలో ఉంది. అక్షరం పెంచుదామంటే పెరగదు, పేజీ మొత్తం పెరుగుతుంది.

ఇక్కడ కొంచెం లెక్క. డెమ్మీ సైజు పుస్తకం పేజీ సుమారు అయిదున్నర బై ఎనిమిదిన్నర అంగుళాలు. మూల నుంచి మూలకి కొలిస్తే పదంగుళాల పైచిలుకు. ఆరంగుళాల తెరలో అది ఇరికిస్తే అసలులో సగం కన్నా కాస్త ఎక్కువ సైజుకి కుంచించుకుపోతుంది. పన్నెండు పాయింట్ల అక్షరం ఏడు పాయింట్ల కన్నా చిన్నదవుతుంది. మన ఒత్తులకి ఆ సైజులో గతిలేదు. అదే పది అంగుళాల తెర మీద పుస్తకం పుస్తకంలా, ఉన్న సైజులో కూర్చుంటుంది. అందుకే నా సలహా ఇంగ్లీషు సమీక్షలకి సరిగ్గా తిరగేసి ఉంటుంది. తెలుగు ముఖ్యమైతే జేబులో పట్టే రీడర్ కొనకండి, సంచీలో పట్టేది కొనండి. ఖరీదు ఎక్కువే, కాదనను. అంత పెట్టలేమంటే చిన్న తెరనే అడ్డంగా తిప్పి, పేజీ అంచుల్లో తెల్లజాగా కత్తిరించి చూడండి. వరస వెడల్పు దాదాపు అసలు పుస్తకంలో ఉన్నంత వస్తుంది, పేజీని రెండు మూడు ముక్కలుగా చదువుకోవాలి. ఇంకో మాట, ఆ పాత స్కాన్లు చాలావరకు బూడిదరంగు లేని పచ్చి నలుపు తెలుపులు. ఫోన్లో చూస్తే మొరటుగా ఉంటాయి గానీ, ఈ-ఇంక్ మీద లెటర్‌ప్రెస్ అచ్చులా ముద్దొస్తాయి.

కోరీడర్ అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. కోబో, పాకెట్‌బుక్ లాంటి వాటిలో వేసుకోవచ్చు. అది స్కాన్ పేజీలో మాటల మధ్య ఖాళీలు వెతికి, మాటల్ని ముక్కలుగా కోసి, చిన్న తెరకి తగ్గట్టు మళ్ళీ పేరుస్తుంది. భాషతో దానికి పనిలేదు, అందువల్లే తెలుగుకీ పనికొస్తుంది. వరసలు మరీ ఇరుగ్గా ఉన్న పుస్తకాల్లో మాత్రం ఒత్తుల్ని వేరే వరస అనుకుని విడదీస్తుంది. అప్పుడు నవ్వుకోవడమే. ఆండ్రాయిడ్ మీద నడిచే బూక్స్ లాంటి రీడర్లయితే మన ఫోన్లో ఉండే తెలుగు యాప్‌లే వేసుకోవచ్చు. కానీ యాప్‌లతో పాటు వాట్సాప్ కూడా వస్తుంది. ఏ గోల తప్పించుకుందామని ఈ వస్తువు కొన్నామో ఆ గోలే మళ్ళీ.

కంపెనీ గోడల మధ్య ఉండే రీడర్ల మీద నాకున్న అపనమ్మకానికి కారణాలు పాతవే. 2009లో అమెజాన్ తన కొనుగోలుదార్ల కిండిళ్ళలోంచి ఆర్వెల్ '1984'ని చెప్పాపెట్టకుండా తుడిచేసింది, హక్కుల్లేనివాళ్ళు అమ్మారని. (ఇంకే పుస్తకమూ దొరకలేదా అనిపిస్తుంది.) బెజోస్ క్షమాపణ చెప్పాడు. 2025 ఫిబ్రవరిలో కొన్న పుస్తకాన్ని కంప్యూటర్లోకి దింపుకుని యూఎస్‌బీ తీగతో ఎక్కించుకునే సదుపాయం తీసేసింది. తెలుగు చదువరికి ఈ తలుపు మూత ఇంకా గట్టిగా తగలాల్సింది గానీ, మనకి ఆ దుకాణంలో కొనడానికే పెద్దగా ఏమీ లేదు గనక తగలలేదు. ఎక్కడో దొరికిన ఫైలుని సొంతంగా ఎక్కించుకోవడమే తెలుగువాడి పద్ధతి. అది సులువుగా జరిగే రీడరే మనకి మంచి రీడరు.

నన్ను ఇబ్బందిపెట్టేది ఇంకొకటుంది. సులువు అనేది నిశ్శబ్దంగా ఎంపిక చేస్తుంది. రాత్రి పదిన్నరకి అలిసిపోయి రీడర్ చేతిలోకి తీసుకున్నవాడికి ఇంగ్లీషు నవల ఒక్క తాకుతో తెరుచుకుంటుంది. తెలుగు పుస్తకం అంచులు కత్తిరించమంటుంది, అడ్డం తిప్పమంటుంది. నెలకి ముప్పై రాత్రులు ఇలా గడిస్తే ఆ మనిషి ఏ భాష పాఠకుడవుతాడు? "ఈ తరం తెలుగు చదవడం లేదు" అని సభల్లో బాధపడే పెద్దలు, తమ పుస్తకం ఈపబ్‌గా దొరుకుతుందో లేదో ఒకసారి ప్రచురణకర్తని అడిగితే బాగుండు. తెలుగు వికీసోర్స్‌లో కొందరు జీతం లేకుండా పాత పుస్తకాల్ని పేజీ పేజీ ప్రూఫు చూసి యూనికోడ్‌లో పెడుతున్నారు. అక్కడినుంచి ఒక నొక్కుతో ఈపబ్ వస్తుంది. వరసలు తెర సైజుకి సర్దుకుంటాయి, అక్షరం పెరుగుతుంది, తరుగుతుంది. స్కాన్ల తర్వాత అది చదివితే కిటికీ తెరిచినట్టుంటుంది.

అలా ఈపబ్‌గా మారిన పుస్తకంలో కూడా తెలియని మాట తగిలితే మాత్రం దారి లేదు. ఇంగ్లీషు మాట మీద వేలు పెడితే నిఘంటువు విప్పుకుంటుంది. "మిన్నకుండిపోయినవాడితో" మీద వేలు పెడితే ఏమీ రాదు. తెలుగు నిఘంటువు ఎక్కించినా రాదు, ఎందుకంటే నిఘంటువులో ఉన్నది "మిన్నక". ప్రత్యయాలు ఒలిచి, సంధి విప్పి, లోపలి మాట పట్టుకునే తెలివి ఆ పెట్టెకి లేదు. బ్రౌన్ నిఘంటువూ, శబ్దరత్నాకరమూ, సూర్యరాయాంధ్రమూ ఒకేచోట వెతకడానికి ఆంధ్రభారతి ఉంది. దానికోసం ఫోన్ తీయాలి. కాబట్టి శ్రీపాద చదివే రాత్రుల్లో నా రీడర్ పక్కన ఫోన్ ఉంటుంది, నోటిఫికేషన్లు ఆపేసి, తెర కిందికి బోర్లించి.