మడమలు చెప్పే మాట

నేను ముందుగా మడమలు చూస్తాను.

ముప్పై రెండేళ్ళు నర్సుగా చేసి రిటైరయ్యాక నా చేతికొచ్చిన పని ఇది. తెలిసినవాళ్ళు, వాళ్ళకి తెలిసినవాళ్ళు ఫోన్ చేస్తారు. "సిస్టర్, మా నాన్నని ఫలానా హోమ్‌లో ఉంచుదామనుకుంటున్నాం, మీరొకసారి చూసి చెప్తారా?" అంటారు. కొంపల్లి, మేడ్చల్, శామీర్‌పేట, కీసర... హైదరాబాద్ చుట్టూ మంచాన పడ్డ పెద్దవాళ్ళని చూసుకునే ఇళ్ళు ఇప్పుడు చాలానే ఉన్నాయి. వాటిని ఏమని పిలవాలో మనకింకా కుదరలేదు. నర్సింగ్ హోమ్ అంటే మన ఊళ్ళల్లో కాన్పుకో, చిన్న ఆపరేషన్‌కో వెళ్ళే ఆస్పత్రి. వృద్ధాశ్రమం అనడానికి పిల్లలకి నోరు రాదు. అందుకని అందరూ 'హోమ్' అనేసి ఊరుకుంటారు.

మడమ ఎందుకంటే, అక్కడ ఎముకకీ చర్మానికీ మధ్య కండ లేదు. వెల్లకిలా పడుకున్న మనిషి కాలి బరువు ఆ కాస్త చోటు మీదే ఆనుతుంది. కదల్లేని మనిషిని రెండు గంటలకోసారైనా పక్కకి తిప్పకపోతే ఎముకకీ పరుపుకీ మధ్య రక్తనాళాలు నలిగి, రక్తం అందక ఆ చోటు చావడం మొదలవుతుంది. నడుము కింద, తుంటి మీద కూడా ఇదే జరుగుతుంది. కానీ నేను పరాయిదాన్ని, బట్ట తొలగించి అవి చూడలేను, చూడకూడదు కూడా. పాదాలు తాకితే ఎవరూ ఏమీ అనుకోరు. పెద్దవాళ్ళ పాదాలు తాకడం మనకి అలవాటైన మర్యాదే కదా. దుప్పటి అంచు కాస్త జరిపి, నమస్కారం పెడుతూనే రెండు మడమలూ అరచేతుల్లోకి తీసుకుంటాను.

ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలితే ఆ ఎరుపు పోకుండా అలాగే ఉంటే పుండు మొదలైనట్టు అని మాకు చదువులో చెప్పారు. అది తెల్లటి ఒంటిని చూసి రాసిన మాట. మన చామనఛాయ మీద ఆ ఎరుపు తేలిగ్గా కనబడదు. చుట్టూ ఉన్న చర్మం కంటే కాస్త నల్లగానో ఊదాగానో మారుతుంది, అదీ వెలుతురు బాగుంటేనే. చేతికి మాత్రం దొరికిపోతుంది. ఆ చోటు పక్కచోటు కంటే వెచ్చగానో, గట్టిగానో, లేకపోతే మిగలపండిన పండులా మెత్తగానో తగులుతుంది. ఇది నాకు ఏ క్లాసులోనూ రాలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సీనియర్ సిస్టర్ నా చెయ్యి పట్టుకుని రోగి మడమ మీద పెట్టించి నేర్పింది.

ఇంత తెలిసీ మా అత్తగారి విషయంలో తప్పిపోయాను. పక్షవాతం వచ్చి ఆవిడకి ఎడమవైపు పడిపోయింది. నాకింకా సర్వీసుంది, మావారికి వేరే ఊళ్ళో ఉద్యోగం. మేం చూడబోయిన హోమ్‌లో ముందు హాలు మెరిసిపోతోంది. అగరొత్తుల వాసన, గోడన వెంకటేశ్వరస్వామి పటం, మేనేజర్ చేతిలో తీరుగా సర్దిన ఫైలు. "మా అమ్మలా చూసుకుంటామమ్మా" అన్నాడు. నర్సునని మర్చిపోయి కోడలిగా నమ్మేశాను. నమ్మితే బాగుండుననిపించేంత అలసిపోయి ఉన్నాను అప్పటికి. ఆరు వారాలకి ఆవిడ నడుము కింద నా పిడికిలి పట్టేంత గుంట. ఇంటికి తెచ్చుకున్నాం. నాలుగు నెలలు రెండు పూటలా డ్రెస్సింగ్ చేశాను. మానే దారిలో ఉండగానే ఆవిడ వెళ్ళిపోయింది. నన్ను ఒక్క మాట అనలేదు. నొప్పికి పళ్ళు బిగబట్టి కూడా, "నీకు శ్రమవుతోందే" అనేది. ఎవరు అడిగినా కాదనకుండా ఈ హోమ్‌లకి తిరగడం ఆవిడ పోయాకే మొదలైంది.

మొన్న నా స్నేహితురాలి కొడుకు డల్లాస్ నుంచి ఫోన్ చేశాడు. "ఆంటీ, ఆ హోమ్‌కి రేటింగ్ ఎంతుందో ఎక్కడైనా చూడొచ్చా?" అని. వాడు ఉన్న చోట అది సహజమైన ప్రశ్నే. అమెరికాలో 1987లో నర్సింగ్ హోమ్‌ల సంస్కరణ చట్టం వచ్చింది. సిబ్బంది సౌకర్యం కోసం మనిషిని మంచానికి కట్టేయకూడదన్న హక్కు కూడా అందులో ఉంది. తనిఖీకి చెప్పకుండా వస్తారు. 2008 నుంచి ప్రభుత్వమే ఒక్కో హోమ్‌కి ఒకటి నుంచి ఐదు దాకా నక్షత్రాలు ఇస్తోంది. మన దగ్గర 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ఉంది. జిల్లాకి ఒకటైనా, కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకి సరిపడే ఆశ్రమం పెట్టవచ్చని అందులో రాశారు. ఏదైనా కష్టమొస్తే చెప్పుకోవడానికి 14567 హెల్ప్‌లైన్ ఉంది. ఇంట్లో కూర్చుని ఈ హోమ్‌నీ ఆ హోమ్‌నీ పోల్చుకునే నక్షత్రాల పట్టిక మాత్రం లేదు.

ఉండాలని గట్టిగా కోరుకునేదాన్ని నేను. కానీ అమెరికా పట్టిక వెనక కథ కూడా వాడికి చెప్పాను. మొదట్లో అక్కడ ఎంతమంది సిబ్బంది ఉన్నారో హోమ్‌వాళ్ళు రాసిచ్చిందే లెక్క. అది నమ్మడానికి లేదని తేలాక, 2018 నుంచి జీతాల రికార్డుల నుంచే తీసుకుంటున్నారు. తర్వాత శని, ఆదివారాల్లో ఎంతమంది ఉంటున్నారో కూడా విడిగా చూడటం మొదలుపెట్టారు. సెలవు రోజున ఎవరుంటారన్నది అక్కడా ఇక్కడా ఒకే ప్రశ్న.

అందుకే నేను మొదటిసారి చెప్పి వెళ్తాను, రెండోసారి ఆదివారం సాయంత్రం చెప్పకుండా వెళ్తాను. రాత్రి పదింటికి ఎంతమంది మేలుకుని ఉంటారని అడుగుతాను. మేనేజర్‌ని ఒకసారి, ఆయాని ఒకసారి. తర్వాత మనసులో లెక్క వేసుకుంటాను. పద్దెనిమిది మంచాలున్నాయి, వాళ్ళల్లో పన్నెండు మంది తమంతట తాము ఒత్తిగిల్లలేరు అనుకుందాం. ఒక మనిషిని నొప్పి కలగకుండా తిప్పి, వీపు వెనక దిండు పెట్టి, దుప్పటి ముడతలు సరిచేయడానికి ఇద్దరికి ఐదు నిమిషాలు. పన్నెండు మందికి గంట. ప్రతి రెండు గంటల్లో ఒక గంట ఇద్దరికీ దీనికే పోతుంది. తడిసిన డైపర్లు, దగ్గు, నీళ్ళు, భయపడి లేచి కూర్చున్నవాళ్ళు, ఇవన్నీ మిగిలిన గంటలో. అలాంటి ఇంట్లో రాత్రికి ఒక్క ఆయాయే ఉందంటే, పక్క తిప్పే చార్ట్‌లో రెండింటికీ నాలుగింటికీ ఆరింటికీ ఒకే పెన్నుతో, ఒకే వాలుతో పడ్డ సంతకాలకి అర్థం ఏమిటో నాకు తెలుస్తుంది. ఆ అమ్మాయి మీద నాకు కోపం రాదు. ఆమెకి రెండే చేతులిచ్చి నాలుగు చేతుల పని రాయించుకున్నవాళ్ళ మీద వస్తుంది.

మంచినీళ్ళ గ్లాసు ఎక్కడుందో చూస్తాను. ఎడమచెయ్యి పడిపోయిన మనిషికి ఎడమవైపు బల్ల మీద నిండు గ్లాసు పెట్టి ఉంటే, ఆ నీళ్ళు పక్కూళ్ళో ఉన్నట్టే. పెదవులు పగిలాయా, నాలుక ఎండిందా? కళ్ళజోడు ముఖాన ఉందా, సొరుగులో ఉందా? పళ్ళసెట్టు, చెవిమిషన్ కూడా అంతే. అవి సొరుగులోకి వెళ్ళాయంటే మనిషిని కూడా సొరుగులో పెట్టేసినట్టు.

భోజనాల వేళ కాసేపు ఉండనిస్తారా అని అడుగుతాను. ముద్ద పెట్టే అమ్మాయి కూర్చుని పెడుతోందా, నిలబడి పెడుతోందా? మింగేదాకా ఆగుతోందా? సరిగ్గా మింగలేని మనిషికి పడుకోబెట్టి తినిపిస్తే అన్నం ఊపిరితిత్తుల్లోకి పోతుంది. న్యుమోనియా అని తర్వాత కాగితం మీద రాస్తారు.

పగలు పదకొండింటికి హాల్లో అందరూ తలలు వాల్చి నిద్రపోతుంటే నాకు గుబులేస్తుంది. మతిమరుపు జబ్బున్నవాళ్ళు గొడవ చేయకుండా మానసిక రోగాల మందులు వేసి పడుకోబెట్టడం ఉంది. అలాంటి వృద్ధులకి ఆ మందులు ప్రాణం మీదికి తేవచ్చని 2005లోనే అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఏ మందు, ఎందుకు, ఎవరు రాశారు అని అడిగే హక్కు పిల్లలకి ఉంది. గాజుగుడ్డతో మణికట్టు మంచానికి కట్టిన గుర్తులు కూడా చూశాను. ట్యూబు పీకేస్తారని కట్టామంటారు. పక్కన ఒక మనిషి కూర్చుంటే పీకరు.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ మనిషిని బతికించి ఉంచడానికి చూసేవి. ఇంకొకటి ఉంది. 1976లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కనెక్టికట్‌లోని ఒక నర్సింగ్ హోమ్‌లో ఒక అంతస్తులో వాళ్ళకి తలా ఒక మొక్క ఇచ్చి, దాన్ని మీరే చూసుకోవాలి, మీ విషయాలు మీరే నిర్ణయించుకోండి అన్నారు. ఇంకో అంతస్తులో వాళ్ళకీ మొక్కలిచ్చారు గానీ నీళ్ళు నర్సులే పోస్తారన్నారు. మూడు వారాలకే మొదటివాళ్ళల్లో చురుకు, సంతోషం ఎక్కువ కనిపించాయి. ఇది చదివినప్పటి నుంచి నేను హోమ్‌లో ఉన్నవాళ్ళని ఒకటే అడుగుతున్నాను: "టీ ఎన్నింటికి తాగుతారు?" కొందరు "ఐదింటికి ఇస్తారు" అంటారు. కొందరు "నాకు తాగాలనిపించినప్పుడు అడుగుతా" అంటారు.

డల్లాస్ అబ్బాయి చెప్పిన హోమ్‌కి రెండోసారి వెళ్ళినప్పుడు, ఎప్పటిలాగే చివరి గది అడిగాను. ప్రతి హోమ్‌లోనూ చూడటానికి ఎవరూ రాని మనిషి ఒకరుంటారు. అక్కడ ఒక పెద్దాయన. ఎడమవైపు చచ్చుబడింది, మాట లేదు. మూడేళ్ళుగా ఎవరూ రాలేదట. నెలనెలా డబ్బు మాత్రం బ్యాంకులో పడుతుంది. గచ్చు ఒకచోట పగిలి ఉంది, కిటికీ తెర వెలిసిపోయింది. నీళ్ళ గ్లాసు కుడివైపు ఉంది.

ఆయా పలాస వైపు నుంచి వచ్చిన అమ్మాయి. "ఈయన గురించి చెప్పమ్మా" అన్నాను. నేను ఫైలు అడుగుతానేమో అనుకుంది కాబోలు, కాస్త తటపటాయించి అంది: "ఆర్టీసీ డ్రైవరంటండి. సాయంత్రమైతే సాలు, కుడికాలు పరుపుకేసి నొక్కీసుకుంటాడు, బ్రేకు తొక్కినట్టు. మడమ తోలు లేచిపోద్దని నాకు బయం. 'డిపో వొచ్చేసినాది తాతా, ఇంక దిగిపోదారి' అంటే ఆపీస్తాడు."

దుప్పటి అంచు జరిపి ఆ పాదాన్ని చేతుల్లోకి తీసుకున్నాను. మడమ కింద చిన్న దూది దిండు పెట్టి ఉంది. చర్మం చల్లగా, నున్నగా తగిలింది. కొబ్బరినూనె వాసన వచ్చింది.