భయం, ఉత్సాహం, గోడపత్రిక: 1942 నాటి విశాఖపట్నం నేపథ్యంలో యుద్ధ ప్రచారం

యుద్ధకాలపు గోడపత్రికకు వ్యవధి తక్కువ. దారిన పోయేవారి చూపు నిలిచే రెండు మూడు క్షణాల్లోనే అది భయాన్నో, సిగ్గునో, ఉత్సాహాన్నో రేపాలి. 1914లో ఆల్‌ఫ్రెడ్ లీట్ గీసిన కిచెనర్ బొమ్మ వేలు చూపి ప్రతి బ్రిటిష్ యువకుణ్ణీ విడిగా నిలదీసింది. అదే యుద్ధకాలంలో భారతదేశంలో వెలువడిన ఒక ఉర్దూ గోడపత్రిక మాత్రం ఈ డబ్బు, తుపాకి, యూనిఫారం ఎవరు తీసుకుంటారని అడిగింది. మొదటిది కర్తవ్యాన్ని గుర్తుచేసింది, రెండోది జీతాన్ని చూపింది. ఇది చిత్రకారుల ప్రతిభలోని తేడా కాదు. ‘మన దేశం’ అనే మాట వాడే చనువు వలస పాలకులకు లేదు.

ఆ లోటు 1942లో విశాఖపట్నంలో స్పష్టంగా బయటపడింది. ఫిబ్రవరిలో సింగపూరు, మార్చిలో రంగూను జపాను వశమయ్యాయి. ఉత్తరాంధ్ర కుటుంబాలకు రంగూను పటంలోని పేరు కాదు. కూలికి వెళ్ళిన తమవాళ్ళున్న ఊరు. ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. జనం లోతట్టు గ్రామాలకు తరలిపోయారు. వదంతులు నమ్మవద్దని, ధైర్యం వీడవద్దని నేషనల్ వార్ ఫ్రంట్ పేరిట ప్రభుత్వం ప్రచారం సాగించింది ఆ సంవత్సరమే. ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు మారిందీ, మద్రాసు ప్రభుత్వ కార్యాలయాలు కొన్ని లోపలి పట్టణాలకు వెళ్ళిందీ ఆ సంవత్సరమే. ధైర్యం చెప్పేవారే సామాను సర్దుకుంటే గోడ మీది అక్షరాన్ని ఎవరు నమ్ముతారు?

అలంకారశాస్త్ర పరిభాషలో చెబితే, వీరానికి స్థాయీభావం ఉత్సాహం. అది చూపరిలో మేల్కొనాలంటే సాధారణీకరణం జరగాలి. 1939 సెప్టెంబరు 3న లిన్‌లిత్‌గో ఇక్కడి నాయకులను సంప్రదించకుండానే భారతదేశాన్ని యుద్ధంలోకి దింపాడు. తనను అడగకుండా మొదలైన యుద్ధంలో చూపరి తనను తాను నాయకుడిగా భావించుకోలేడు. (గోడపత్రిక కోరేది రసాస్వాదం కాదు, కార్యం, కనుక ఈ అన్వయాన్ని మరీ సాగదీయరాదు.) భయానికి మాత్రం ఈ ఇబ్బంది లేదు. బాంబు పడ్డ ఊళ్ళో దాన్ని రేపడానికి బొమ్మ అవసరమే లేదు.

1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి ఫాసిస్టు వ్యతిరేక ప్రచారానికి బుర్రకథను ఎన్నుకుంది. బుర్రకథలో కథకుడికి ఇరువైపులా వంతలుంటారు. ఒకరు హాస్యం పలికిస్తారు, మరొకరు రాజకీయం మాట్లాడతారు. శ్రోత మనసులోని సందేహం వంత నోట వెలువడుతుంది, కథకుడు జవాబు చెప్పక తప్పదు. ఎదురుప్రశ్నకు గోడపత్రికలో చోటు లేదు. అయితే, క్విట్ ఇండియా నాయకులు జైళ్ళలో ఉండగా ఈ యుద్ధం ప్రజాయుద్ధం ఎలా అవుతుందన్న ప్రశ్న బుర్రకథలోనూ సులువుగా ఇమిడేది కాదు.