తోకచుక్క రాసిందెవరు?

మొన్న మా ఇంట్లో పేరంటం. తాంబూలాలయ్యాక మాటలు చిన్నప్పటి ‘చందమామ’ సీరియల్స్ మీదికి మళ్ళాయి. ఆ మాంత్రికుల నవలల మీద తలా ఒక తీర్పు చెప్పారు.

“అన్నీ ఒకలాంటివే! అడవి, కొండలోయ, మాంత్రికుడు” అంది మా వదిన. కావచ్చు. కాని ‘తోకచుక్క’లో ఏకాక్షికీ, చతుర్నేత్రుడికీ మధ్య చిక్కిన సమరసేనుడి దగ్గర మంత్రాల్లేవు, కత్తీ, తెలివీ తప్ప. నెలనెలా మనచేత ఎదురు చూయించింది అదే.

“పిల్లలు జడుసుకుంటారమ్మా” అన్నారు పక్కింటి పిన్నిగారు. జడుసుకున్నాం, చిత్రాగారి బొమ్మలు చూసి మరీను. అయినా దుప్పటి ముసుగేసుకుని మళ్ళీ ఆ పేజీయే తీసేవాళ్ళం!

“సాహసాలన్నీ మగాళ్ళవేనా అమ్మా?” అన్న మా అమ్మాయికి మాత్రం జవాబు చెప్పలేకపోయాను. ‘రాకాసి లోయ’లో కేశవుడి వెంట నేనూ మగపిల్లాడిలాగే నడిచాను మరి. ఆ లోటు లోటే.

తీరా, “ఇవన్నీ రాసిందెవరు?” అని అడిగితే ఒక్కరూ చెప్పలేదు. తప్పు వాళ్ళది కాదు. పత్రికలో ఆ సీరియల్స్‌కి రచయిత పేరు వేసేవారు కాదు. 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి వాటిని రాసింది దాసరి సుబ్రహ్మణ్యంగారు. 2010లో పోయారు.

పులుసు బాగుందని లొట్టలేస్తూ, వండిందెవరని అడగని పంక్తి మనకు కొత్త కాదు. అందుకే చెబుతున్నాను: పిల్లలకి ఆ కథ చెప్పేటప్పుడు ఆయన పేరు కూడా చెప్పండి.