ఆమె చెప్పింది, వాళ్లు రాసింది

అమెరికాలో ఆశ్రయం కోరేవాళ్లు నింపాల్సిన ఫారం ఐ-589. దాని గళ్లలో ఎవరి బతుకూ పట్టదు. అందుకని దానికి డిక్లరేషన్ ఒకటి జత చేస్తారు. నంబర్లు వేసిన చిన్న చిన్న పేరాల్లో, దరఖాస్తుదారు తానుగా చెప్పుకునే కథనం అది. కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో చర్చిలు కలిసి 1982లో ఈస్ట్ బే శాంక్చువరీ కవనెంట్ అనే సంస్థను మొదలుపెట్టాయి. అక్కడి లా విద్యార్థులు ఆ సంస్థతో కలిసి, గ్వాటెమాలా, ఎల్ సాల్వడార్ వంటి దేశాల నుంచి వచ్చినవాళ్లకు ఈ పనిలో సాయం చేస్తుంటారు. ఇమిగ్రేషన్ కోర్టులో ప్రభుత్వ ఖర్చుతో లాయరును ఇవ్వరు. అయితే ఫీజు తీసుకోకుండా, లాయరు పర్యవేక్షణలో విద్యార్థులు కేసు నడపడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. విద్యార్థుల సేవ అనగానే మొక్కలు నాటడం, రక్తదాన శిబిరాలు గుర్తొచ్చే మనకు ఈ సేవలోని పనితనం కొత్తగా ఉంటుంది.

మన రిజిస్ట్రార్ ఆఫీసుల దగ్గర దస్తావేజులు రాసేవాళ్ల రాత చూసినవాళ్లకు తెలుసు: ఎవరి పొలమైనా, ఎవరి ఇల్లయినా వాక్యం మాత్రం అదే. డిక్లరేషన్ అలా ఉంటే కేసు దెబ్బతింటుంది. జాతి, మతం, జాతీయత, రాజకీయాభిప్రాయం, ఒక ప్రత్యేక సామాజిక వర్గానికి చెందడం. ఆశ్రయం దక్కాలంటే ఈ అయిదింటిలో దేనివల్ల హింసకు గురయ్యారో, లేదా గురవుతామని ఎందుకు భయపడుతున్నారో చూపాలి. భయం ఎంత ఉండాలన్న విషయంలో అమెరికా సుప్రీంకోర్టు కొంత ఉదారంగానే ఉంది. 1987లో కార్డోజా-ఫోన్సెకా అనే నికరాగువా మహిళ కేసులో, ముప్పు పదింట ఒక వంతే ఉన్నా ఆ భయం సహేతుకం కావచ్చంది. చిక్కల్లా 2005 నాటి రియల్ ఐడీ చట్టంతో వచ్చింది. మాటలో ఎక్కడ తేడా కనిపించినా, అది అసలు విషయానికి సంబంధించింది కాకపోయినా, దాన్ని బట్టి జడ్జి మనిషిని నమ్మకపోవచ్చు.

కాబట్టి తేదీ రాయడమే ఒక విద్య. ఊహకు ఒక ఉదాహరణ తీసుకుందాం. గ్వాటెమాలా కొండల్లోని ఒక ఊరి నుంచి వచ్చిన ఆమె, ముఠా వాళ్లు మొదటిసారి ఇంటికొచ్చిన రోజు చెప్పలేకపోతోంది. అనుభవం లేని విద్యార్థి ఏదో ఒక తేదీ పట్టుకొచ్చి పెడతాడు. చేయి తిరిగినవాడు మాత్రం అప్పటికి కాఫీ కోతలు అయిపోయాయా, ఈస్టర్ ముందు ఊరేగింపులు మొదలయ్యాయా, పెద్దబ్బాయి ఏ క్లాసులో ఉన్నాడు అని అడుగుతాడు. చివరికి పేరాలో రాసేది ఇంతే: 'తేదీ నాకు గుర్తులేదు. కాఫీ కోతలు అయిపోయాయి, ఈస్టర్ ఇంకా రాలేదు.' ఏళ్ల తర్వాత ప్రభుత్వ లాయరు ఎటు తిప్పి అడిగినా ఈ మాట చెక్కుచెదరదు. తెలియనిదాన్ని తెలియదని రాసే ఈ నిగ్రహం నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపిస్తుంది. ఇరవై అయిదేళ్లు కూడా నిండనివాళ్లకు, అందులోనూ వాదించడమే చదువైనవాళ్లకు, అది అంత తేలిగ్గా రాదు.

బెదిరించినవాళ్ల మాటలను సారాంశంగా కుదించకపోవడం కూడా ఇలాంటిదే. 'నన్ను బెదిరించారు' అని రాస్తే ఎందుకన్నది తేలదు. 'మీ నాన్నలాగే నువ్వూ మీటింగులకు పోతున్నావా' అన్నారని రాస్తే, కారణం రాజకీయమని ఆ వాక్యమే చెబుతుంది. పైన న్యాయసూత్రం ఒక్క ముక్క చేర్చక్కర్లేదు. నిజానికి చేర్చకూడదు, అది బ్రీఫ్‌లో, అంటే కోర్టుకు విడిగా ఇచ్చే వాదన పత్రంలో ఉండాల్సింది. పోలీసుల దగ్గరికి వెళ్లిందా, వెళ్లకపోతే ఎందుకు, అదే దేశంలో మరో ఊళ్లో తలదాచుకోలేకపోయిందా అన్న ప్రశ్నలకు జవాబులు మాత్రం కథలో కలిసిపోయి రావాలి.

సరిహద్దులో అధికారి రాసుకున్న నోట్సును పక్కన పెట్టుకుని పోల్చి చూడటం విసుగు పుట్టించే పని. అక్కడ ఆమె అత్యాచారం సంగతి చెప్పలేదనుకుందాం. ఆ తేడాను దాచరు. కొడుకు పక్కనే ఉన్నాడు కాబట్టి చెప్పలేదని ఆమె అంటే, ఆ మాటనే ఒక పేరాగా పెడతారు. ఇంకో చిక్కు భాషది. గ్వాటెమాలా నుంచి వచ్చినవాళ్లంతా స్పానిష్ మాట్లాడేవాళ్లు కారు. చాలామందికి మామ్, కిచే వంటి మాయా భాషలే ఇంటి భాషలు. మామ్ నుంచి స్పానిష్‌లోకి ఒకరు, అక్కడి నుంచి ఇంగ్లీషులోకి మరొకరు అనువదిస్తారు. ఒక పేరా తేలేసరికి ఒక్కోసారి పూట గడిచిపోతుంది.

అంతా అయ్యాక ఆమెకు తెలిసిన భాషలో మొత్తం చదివి వినిపిస్తారు. 'అలా కాదు, నేను పరిగెత్తలేదు, నడిచాను' అంటే ఆ వాక్యం మార్చాల్సిందే, ఎంత బాగా కుదిరినా సరే. ఆ తర్వాతే ఆమె సంతకం, దాంతోపాటు అనువాదకుడి ధ్రువపత్రం.

సెమిస్టర్ కొన్ని నెలల్లో ముగుస్తుంది, కేసు మాత్రం ఏళ్ల తరబడి నడుస్తుంది. వెళ్లే విద్యార్థి తర్వాత వచ్చేవాళ్లకు ఒక మెమో రాసి పోతాడు. ఏ ఉత్తరం ఇంకా రావాలి, ఫోన్ ఏ వేళకు చేస్తే ఆమె పనిలో ఉండదు, తమ్ముడి చావు గురించి మళ్లీ అడగనక్కర్లేకుండా ఏ పేరాలో చూసుకోవాలి అన్నవన్నీ అందులో ఉంటాయి. ఆ మెమో కోర్టుకు వెళ్లదు, దానికి మార్కులు వేసే జడ్జి ఎవరూ ఉండరు. అయినా విద్యార్థులు ఇలా కేసులు నడిపే మంచి లీగల్ క్లినిక్‌లలో డిక్లరేషన్‌ను ఎంత దిద్దుతారో దాన్నీ అంతే దిద్దుతారు.