లోపాన్ని కూడా బాగుచేయాలా?

1930ల నాటి అమెరికన్ కారు కార్డ్ 812 ఫీటన్‌ని చూసినవాళ్లు ముందు దాని ముక్కు దగ్గరే ఆగిపోతారు. అప్పటి కార్లకు ఎదురుగా నిలువు జాలీ ఉండేది. దీనికి బానెట్ చుట్టూ అడ్డంగా తిరిగిన పట్టీలే. హెడ్‌లైట్లు కనపడవు. డ్యాష్‌బోర్డు రెండు చివర్లా ఉన్న పిడులు తిప్పితే మడ్‌గార్డుల్లోంచి బయటికొస్తాయి. స్టిన్సన్ విమానాల ల్యాండింగ్ లైట్లనే మార్చి అమర్చారు. గుడ్డ టాపు మడిస్తే వెనక రేకు మూత కింద పూర్తిగా దాక్కుంటుంది. దీని డిజైనర్ గోర్డన్ బ్యూరిగ్ ఇదంతా 1930లలోనే ఊహించాడంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

గీసిన బొమ్మ సిద్ధమైంది, బండి కాలేదు. ఈ కారు తొలి రూపం 810. అది 1935 నవంబరులో న్యూయార్క్ కార్ల ప్రదర్శనకు వెళ్లాలంటే 100 కార్లు తయారై ఉండాలని నిబంధన. ఇండియానా కార్మికులు రాత్రింబవళ్లు కష్టపడి, చాలా భాగం చేత్తోనే కట్టి పంపారు. వాటిలో గేర్‌బాక్సు లేదు. జనం మాత్రం ఎగబడ్డారు. క్రిస్మస్‌కి ఇస్తామన్న కారు ఇవ్వలేక కంపెనీ కొన్నవాళ్లకు చిన్న కంచు నమూనా పంపింది. చివరికి బండ్లు వచ్చాయి. వాటితోపాటే జబ్బులూ వచ్చాయి. గేరు జారేది, ఇంజన్ వేడెక్కేది, పెట్రోలు గొట్టంలోనే ఆవిరై బండి నడిరోడ్డు మీద ఆగిపోయేది. సర్దుకునేలోపే పేరు పోయింది. 1937లో తయారీ ఆగిపోయింది. అన్ని రకాలూ కలిపి 3,000 లోపే. 1951లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం ఎనిమిది కార్లను కళాఖండాలుగా ప్రదర్శిస్తే వాటిలో ఈ 812 ఒకటి.

ఈ కారును మళ్లీ నిలబెట్టేవాళ్ల పని గురించి నేను చాలాకాలంగా ఆలోచిస్తున్నాను. దీనికి మామూలు ఛాసిస్ లేదు. ముందు ఇంజన్‌ను మోసే చట్రం ఒక్కటే విడిగా ఉంటుంది. మిగతా బలమంతా ఫ్లోరుదీ, తలుపుల కింది పెట్టె దూలాలదీ. సెడాన్‌కైతే పైకప్పు కూడా ఆసరా. ఫీటన్‌కి అదీ లేదు. తుప్పు తినేది సరిగ్గా ఆ దూలాలనే. పని తెలిసినవాడు ముందు తలుపుల ఖాళీలకు అడ్డంగా ఇనప కడ్డీలు వెల్డింగ్ చేసి బిగిస్తాడు. ఆ తర్వాతే కుళ్లిన రేకు కోస్తాడు. ఈ వరస తప్పితే బండి నడుము కుంగిపోతుంది, తలుపు మరి సరిగా పడదు. కొత్త దూలం అతికించాక కూడా కడ్డీలు తీయకుండా తలుపులు పెట్టి, సందులు చూసుకుని, మళ్లీ విప్పి, మళ్లీ పెట్టి... ఆ ఓపికకు నేను దణ్ణం పెడతాను.

రేకుల అతుకుల మీద ఆ రోజుల్లో సీసం కరిగించి పూసి, ఆకురాయితో రాసి తేల్చేవారు. ఇప్పుడు పుట్టీ పెడితే పని ఇట్టే అయిపోతుంది, రంగు పడ్డాక తేడా తెలియదు. నా మటుకు సీసమే ఉండాలంటాను. చేత్తో తేల్చిన వంపును చేత్తోనే తేల్చాలి.

మరి ఆ గేర్‌బాక్సు? దీనికి పొడుగాటి గేర్ రాడ్ లేదు. స్టీరింగ్ పక్కన వేలెడంత మీట ఉంటుంది. దానితో గేరు ముందే ఎంచుకోవాలి. క్లచ్ తొక్కగానే కరెంటూ, ఇంజన్ పీల్పు శక్తీ కలిసి గేరు మారుస్తాయి. దీన్ని పీకేసి మామూలు రాడ్ పెట్టొచ్చు. బండి నిక్షేపంగా నడుస్తుంది కానీ అది కార్డ్ కాదు. అలాగని గేరు జారుతుంటే ‘అసలుది అంతే’ అని వదిలేయడమూ నాకు నచ్చదు. మీట బ్యూరిగ్ కాలపు ఊహ, జారడం గడువు తెచ్చిన తొందర. ఆ కార్మికులకు ఇంకో ఏడాది దొరికితే ఏం చేసి ఉండేవారో అది చేయడం న్యాయం. ఇంజన్‌ను వేడెక్కనిచ్చే రేడియేటరు విషయంలోనూ నాది ఇదే మాట. అద్దంలా మెరిసే ఇవాళ్టి రంగుకు మాత్రం నేను ఒప్పుకోను. అది వాళ్లకు తెలిసిన రంగు కాదు.

అసలు భాగాలు దొరకవన్న సాకు కూడా పూర్తిగా చెల్లదు. ఓక్లహోమాలో బడిపంతులుగా పనిచేసిన గ్లెన్ ప్రే 1960లో కంపెనీ మిగిల్చిన విడిభాగాల నిల్వ అంతా కొన్నాడు. ఆ నిల్వ ఎన్నో కార్డ్‌లకు ప్రాణం పోసింది. ఇండియానాలోని ఆబర్న్‌లో కంపెనీ పాత షోరూమే ఇప్పుడు మ్యూజియం. అక్కడ ఈ కార్ల ముందు నిలబడినప్పుడు నాకు ఒక కోరిక కలిగింది. పునరుద్ధరణలో విప్పేసిన ప్రతి అరిగిన గేరు పన్నునూ, కాలిన స్విచ్చునూ పారేయకుండా చీటీ కట్టి పెట్టెలో ఉంచాలి. కారు చేతులు మారినప్పుడు తాళంచెవితోపాటు ఆ పెట్టె కూడా ఇవ్వాలి.